సముద్రపుటొడ్డున పది ప్రశ్నలు

మన యిండ్లలో ఆడవారు సామాన్యముగా ఆడు అబద్ధము ఒకటి కలదు. "నాకేమియు లేదు" అనునదే ఆ యబద్ధము. తల తిరుగుచున్నను, మేడమెట్లెక్కునప్పుడు ఆయాసము వచ్చుచున్నను, రాత్రులు నిద్ర పట్టకున్నను, ఎవరైన అడిగినచో మన నోట వెంటనే వచ్చు మాట యిదియే. ఇది యబద్ధమని మనకే తోచదు. ఓర్పనియు, సుగుణమనియు తలంతుము. ఈ యబద్ధము భూమిమీద అనేక సంవత్సరములు చెల్లును. నీటి యడుగున నొక్క గడియయైనను చెల్లదు. ఈ సంగతి మాకు అండమాను దీవులలో నొక సముద్రపుటొడ్డున తెలియవచ్చినది. తెలియవచ్చిన విధమును సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అమ్మాయికి పెండ్లియై మూడేండ్లు నిండిన సందర్భమున పిల్లలందరు కూడబలుకుకొని, మావారిని, మమ్మును వెంటబెట్టుకొని 2025వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో అండమానులకు ప్రయాణము కట్టిరి. చెన్నపట్నము మీదుగా విమానమున శ్రీ విజయపురము చేరితిమి. 2024 వరకు ఈ పట్టణమునకు పోర్టు బ్లెయిరని పేరు. అచ్చటినుండి ఓడలో స్వరాజ్ ద్వీపమునకు పోతిమి. 2018కి పూర్వము దీనినే హేవ్‌లాకు దీవి యనెడివారు. అచ్చటి నీటి రంగును వర్ణించుట మా తరము కాదు. నెమలికంఠపు పట్టుచీరను ఎండలో పరచినట్లుండెనని మాత్రము చెప్పగలము. ఓడ దిగగానే తెలుగు మాట చెవిని బడెను. శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి పోయి తరతరములుగా స్థిరపడిన తెలుగువారు ఆ దీవులలో ఎందరో గలరు.

మా అబ్బాయికి సముద్రములో మునుగవలెనని చిరకాలమునుండి కోరిక. ముత్యములకై మునుగువారివలె ఊపిరి బిగబట్టి మునుగుట కాదు. వీపున గాలి సిలిండరు కట్టుకొని, దాని గొట్టమును నోట కరచుకొని, నీటి యడుగున మామూలుగా ఊపిరి తీయుచు చేపల నడుమ తిరుగుట. దీనిని స్కూబా డైవింగందురు. ఆ సిలిండరులో నుండునది ప్రాణవాయువని మేమనుకొంటిమి. కాదు, మనము పీల్చు గాలినే గట్టిగా కుదించి నింపెదరు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాను అను నిరువురు ఈ సాధనమును సిద్ధపరచిరి. నేడు మన విశాఖపట్నమునొద్ద ఋషికొండ తీరమునను ఈ వేడుక కలదు. క్రొత్తవారిని శిక్షకులు దగ్గరనుండి పట్టుకొని కొలదిలోతు నీట త్రిప్పి తెచ్చుట యిప్పుడు యాత్రికులకు మామూలైనది. పిల్లలు మా పేరుకూడ వ్రాయించిరి. మావారు మాత్రము, "గోదావరిలో కార్తికస్నానానికే భయపడేవాణ్ణి, నన్ను వదిలేయండి" అని ముందే తప్పుకొనిరి. అందరమును నవ్వితిమి. ఆనాడు మాలో మొదట నిజము పలికినవారు ఆయనయే యని మాకు తరువాత తోచినది.

మరునాడుదయము డైవింగు నేర్పుచోటికి పోతిమి. అచ్చటి శిక్షకురాలు పాతికేండ్ల పిల్ల. తాతగారి నాడు సిక్కోలు వైపునుండి వచ్చిన కుటుంబమట. తెలుగున పలుకరించి తలకొక కాగితము చేతికిచ్చెను. దానిపై పది ప్రశ్నలు. ఊపిరితిత్తులు, శ్వాస, గుండె, రక్తము, వీనిలో దేనికైన జబ్బు కలిగినదా? వయస్సు నలువదియైదు దాటినదా? పదునాలుగు నిమిషములలో 1.6 కిలోమీటరులు నడచుటకో, ఆగకుండ 200 మీటరులు ఈదుటకో కష్టపడుదురా? కన్ను, చెవి, ముక్కులలో బాధలున్నవా? గడచిన పండ్రెండు నెలలలో శస్త్రచికిత్స జరిగినదా? ఎన్నడైన స్పృహ తప్పుట, మూర్ఛ, పక్షవాతము, పార్శ్వపు తలనొప్పి వంటివి కలిగినవా? మనోవ్యాధులు? నడుము నొప్పి, మధుమేహము? కడుపు, ప్రేగుల రోగములు? తుదకు, ఇప్పుడేమైన మందులు వాడుచున్నారా? ఔనన్న చోట మరికొన్ని ప్రశ్నలో, వైద్యుని పరీక్షయో తప్పదు. డైవింగు వైద్యమునందు ఆరితేరిన వైద్యులు 2020లో ఈ కాగితమును సవరించి సిద్ధపరచిరట.

మేము కన్నద్దములు సవరించుకొని, చదివినట్లు నటించి, పది గడులలోను "లేదు" అని గుర్తు పెట్టితిమి.

మా అమ్మాయి ప్రక్కనుండి తొంగిచూచి, "అమ్మా, నీకింకా నలభై అయిదు నిండలేదా? అయితే నన్ను పదిహేడో యేట కన్నావన్నమాట!" అనెను. అందరు గొల్లున నవ్విరి. మా వయస్సు ఏబదిరెండు. సిగ్గుపడి ఆ గడి దిద్దితిమి. అమ్మాయి అంతటితో విడువలేదు. "మందులు లేవని వ్రాశావే? వారానికి రెండు మూడుసార్లు తలనొప్పి మాత్ర వేసుకుంటావు కదా? పెరటి మెట్లు ఎక్కి వచ్చి గోడ పట్టుకొని నిలబడతావు కదా?" అనెను. నలుగురిలో ఇట్లడుగుట మాకు మిక్కిలి కష్టముగా నుండెను. "అది జబ్బా యేమిటే? ఎండకు వచ్చే తలనొప్పి. నీవు ఊరకుండు" అని కసరితిమి.

అప్పుడా శిక్షకురాలు మెల్లగా అన్న మాట మేమెన్నటికిని మరువలేము. "అమ్మా, ఈ కాగితం మాకోసం కాదు, మీకోసమే. ఒడ్డున అయితే తల తిరుగుతోంది, కాస్త ఆగండి అని చెప్పగలరు. నీళ్లలో చెప్పడానికి నోరుండదు. నోట్లో గొట్టముంటుంది."

ఆ మాట విని మా యల్లుడు తన కాగితమును మరల తీసికొనెను. చిన్ననాడు అతనికి ఉబ్బసముండెనని మేమెరుగము. పెండ్లినాడు ఎవరును చెప్పలేదు. ఇప్పటికిని చలికాలమున పీల్చెడి మందు పెట్టెలో నుంచుకొనునట. అతడు మొదటి ప్రశ్నకు "కలదు" అని దిద్ది, అత్తమామల యెదుట తలవంచుకొని కూర్చుండెను. అతని ముఖము చూచి మాకే జాలి కలిగి, మేమును మా గడులు దిద్దితిమి.

ఆ పిల్ల మా యిరువురిని దీవిలోని వైద్యునియొద్దకు పంపెను. అల్లునికి ఊపిరితిత్తుల బలమును కొలుచు పరీక్ష జరిగినగాని అనుమతి యీయరాదని ఆయన నిర్ణయించెను. తరువాత మా చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు చూచెను. చూచి మాటలాడక, ఇరువది నిమిషములు కూర్చుండుడని చెప్పి మరల చూచెను. మొదట 174/108, రెండవమారు 170/104. "ఇదివరలో ఎప్పుడు చూపించుకున్నారు?" అని యడిగెను. మా అబ్బాయి పుట్టినప్పుడు అని చెప్పితిమి. అబ్బాయికి ఇరువదినాలుగేండ్లు.

సోదరీమణులారా, ఆనాడు మాకు కలిగినది భయము కాదు, కోపము. పిల్లలు డబ్బు పోసి పిలుచుకొనివచ్చినారు. ఒక కాగితము, ఒక పట్టీ అడ్డము వచ్చినవని కోపము. అమ్మాయి చాడీ చెప్పినట్లు చెప్పినదని కోపము. పడవ పిల్లలిద్దరిని ఎక్కించుకొని పోయినది. ఒడ్డున ఇసుకలో అల్లుడు, మావారు, మేము మిగిలితిమి. దూరమున వారు నీట మునిగినచోట బుడగలు తేలుచుండెను. అవి కనబడినంతసేపు ఊపిరి తీసికొంటిమి. అలల తళుకులో కనబడనప్పుడు మాకే ఊపిరాడలేదు.

అల్లుడు ఏమియు తోచక, తన్నెందులకు ఆపిరో మాకు విప్పి చెప్పెను. నీటిలో పది మీటరులు దిగినచో, పైనున్న వాతావరణపు ఒత్తిడికి తోడు మరియొక వాతావరణపు ఒత్తిడి మీదపడును. ఆ లోతున పీల్చిన గాలి పైకి వచ్చునప్పటికి రెండింతలగును. ఊపిరి వదలుచు మెల్లగా వచ్చినచో అది నోటిగుండ పోవును. ఊపిరి బిగబట్టినను, ఊపిరితిత్తులలో నెచ్చటనైన గాలి చిక్కుపడినను, అది వ్యాకోచించి తిత్తిని చించును. పొంగిన పూరీ యొక ప్రక్క పగిలినట్లే. చినిగినచోటినుండి గాలి రక్తములో దూరి మెదడునకు పోయినచో క్షణములలో స్పృహ పోవును. దీనికి గొప్ప లోతు కూడ అక్కరలేదు. నిండు ఊపిరి బిగబట్టి మీటరు పైచిలుకు లోతునుండి పైకి లేచినను చాలును. ఉబ్బసము రేగినప్పుడు సన్నని గాలిగొట్టములు మూసుకొని గాలి లోపల చిక్కుపడును. ఎన్నడో క్షయ వచ్చి నయమైనవారికి ఊపిరితిత్తులలో మచ్చలో, గుల్లలో మిగిలియుండవచ్చును. కొందరికి పుట్టుకతోనో, తరువాతనో ఊపిరితిత్తులపై సన్నని పొక్కులవంటి బుడగలుండును. వారికి నేలమీద ఏ బాధయు కనబడదు. ఏ దెబ్బయు తగులకయే ఒకమారు ఊపిరితిత్తి ముడుచుకొనిపోయినవారు మరల ఎన్నడును ఇట్టి మునకకు పోగూడదని వైద్యుల మతము.

అర్ధగంట గడచిన తరువాత పిల్లలు నవ్వుచు వచ్చిరి. అమ్మాయి మా ప్రక్కన కూర్చుండి తడిచేతితో మా చేయి పట్టుకొనెను. మేము చేయి విడిపించుకొనలేదు, మాటలాడనులేదు. ఆ సాయంకాలము వరకు అట్లే గడచినది. మరునాడు విమానమెక్కుట లేదు గదాయని శిక్షకురాలు మరి మరి అడిగెను. ఒకమారు మునిగినవారు పండ్రెండు గంటలు, పలుమారులు మునిగినవారు పదునెనిమిది గంటలు విమానమెక్కరాదట.

ఎందుకో ఇంటికి వచ్చి చదువగా తెలిసినది. మన చిన్ననాటి గోలీసోడా బుడ్డి జ్ఞాపకము తెచ్చుకొనుడు. గోలీ బిగిసియున్నంతసేపు లోపలి నీరు నిర్మలముగా నుండును. గోలీ నొక్కగానే బుసబుసమని బుడగలు లేచును. నీటి యడుగున ఒత్తిడివలన గాలిలోని నత్రజని రక్తమాంసములలో కరగిపోవును. త్వరగా పైకి వచ్చినచో సోడావలె బుడగలై కీళ్లలోను నరములలోను బాధించును. విమానములో పైకి పోయినను ఇదే జరుగును.

ఈ జబ్బునకు ఒక ఇల్లాలి కథతో సంబంధము కలదు. అమెరికాలోని న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ వంతెన కట్టునప్పుడు, నదిగర్భమున పునాదులు త్రవ్వుటకై పెద్ద పెట్టెలు దింపి వానిలో గాలిని కుదించి నింపి కూలివాండ్రను పంపెడివారు. అందు పనిచేసి పైకి వచ్చినవారు నొప్పులతో మెలికలు తిరిగెడివారు, కొందరు మరణించిరి. ముఖ్య ఇంజనీరగు వాషింగ్టన్ రోబ్లింగు 1872లో ఇట్లే పడకబట్టెను. అప్పుడు ఆయన భార్య ఎమిలీ, భర్త ఆజ్ఞలను పనివారికి చేరవేయుచు, తాను గణితమును, ఇనుపపని మర్మములను నేర్చుకొని, 1883లో వంతెన తెరచువరకు ఆ భారము మోసెను. జబ్బునకు మూలము నత్రజని బుడగలని పాల్ బెర్ట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లో తేల్చెను. ఎంతలోతునుండి ఎంత మెల్లగా పైకి రావలెనో హాల్డేను అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును మేకలపై పరీక్షలు జరిపి 1908లో పట్టికలు ప్రకటించిరి.

పట్టికలు పాటించినను కొందరికి ఈ జబ్బు వచ్చుచునేయుండెను. ఒకే లోతునకు, ఒకే కాలము, జంటగా పోయి వచ్చిన ఇరువురిలో ఒకరు హాయిగా నుండగా ఒకరికి కాలు చేయి పడిపోవుటేమి? కారణములు పలు, అందొకటి తల్లి కడుపునాటిది. గర్భములోని శిశువు ఊపిరితిత్తులతో గాలి పీల్చదు గనుక, గుండెలోని పై గదుల నడుమ రక్తము దాటిపోవుటకు ఒక చిన్న తలుపుండును. బిడ్డ పుట్టి ఏడ్చిన తరువాత అది మూసుకొని క్రమముగా అతుకుకొనును. కాని నలుగురిలో నొకరికి పూర్తిగా అతుకదు. వారు నూరేండ్లు బ్రతికినను ఆ సంగతి తెలియకపోవచ్చును. నేలమీద దానివలన సామాన్యముగా కష్టము లేదు. మునిగి వచ్చినప్పుడు మాత్రము, ఊపిరితిత్తులలో వడగట్టబడవలసిన బుడగలు ఆ తలుపుగుండ దాటి మెదడువైపు పోగలవు. 1989లో విల్మ్‌షర్స్టు అను ఆంగ్ల హృద్రోగ వైద్యుడును ఆయన సహచరులును లాన్సెట్టను వైద్యపత్రికలో ఈ సంబంధమును గూర్చి వ్రాసిరి. పార్శ్వపు తలనొప్పికి ముందు కన్నుల యెదుట మెరుపుగీతలు కనబడువారిలో ఈ తలుపు తెరచియుండుట మరింత యెక్కువ. కాగితముపై ఆ తలనొప్పిని గూర్చి యేల యడిగిరో ఇప్పుడు తెలిసినది గదా!

మా కథకు వచ్చెదము. ఊరు చేరినను మాకు నమ్మకము కలుగలేదు. ప్రయాణపు బడలిక, ఓడ కుదుపు, ఎండ, వీనివలన పోటు పెరిగినదని వాదించితిమి. అబ్బాయి పోటు చూచు యంత్రము కొనితెచ్చి యింట పెట్టెను. వారము దినములు ఉదయము, సాయంకాలము చూచి వ్రాసితిమి. ఒక్కనాడును 150/95కు దిగలేదు. 140/90 దాటిన చాలును, అది జబ్బే. వైద్యురాలు గుండెను చిత్రము తీయించెను. ఎడమ గది గోడ దళసరియైనదని తేలినది. "ఇది ఓడ కుదుపు వల్ల వచ్చేది కాదమ్మా. ఏళ్ల తరబడి పోటు మోసి మోసి గోడ మందమెక్కింది. మీ తలనొప్పి మాత్రలు కూడా పోటును పెంచేవే" అని యామె చెప్పెను. వాదించుటకు మాకు మాట దొరకలేదు.

మునిగియున్నచో ఏమి జరిగెడిదని యడిగితిమి. ఆమె చెప్పినది యిది. మెడవరకు నీటిలో దిగినంతనే కాళ్లలోని రక్తము ఛాతీవైపు తరలును. అర లీటరుకు పైగా రక్తము అదనముగా చేరును. చల్లదనమునకు రక్తనాళములు బిగుసుకొనును. మెత్తని గుండె ఈ భారమునకు ఓర్చుకొనును. పోటుచేత గట్టిపడిన గుండె సాగలేదు. అప్పుడు వెనుకకు తన్నిన రక్తమునుండి నీరు ఊపిరితిత్తులలోనికి ఊరును. సముద్రపు నీరు కాదు, మన దేహపు నీరే. దగ్గు, ఆయాసము, నురుగు. సిలిండరులో గాలి నిండుగనే యుండును. మనిషి మాత్రము గాలి అందుట లేదని గొట్టమును పీకి పారవైచును. తరువాత చూచువారికి నీట మునిగి మరణించినట్లే కనబడును. ఏబది యేండ్లు దాటినవారికి, రక్తపుపోటు గలవారికి, అందులోను స్త్రీలకు ఈ యపాయము హెచ్చట. ఇది ఈదువారికిని, ముఖము మాత్రము నీట నుంచి తేలువారికిని కూడ రాగలదు. లక్షణము తోచగానే నీటినుండి బయటికి తెచ్చి ప్రాణవాయువు ఇచ్చినచో సామాన్యముగా కోలుకొందురు. ఇట్లు ఊపిరితిత్తులలో నీరు చేరినవారిలో పలువురికి తరువాత రక్తపుపోటు బయటపడుటను కూడ పైన చెప్పిన విల్మ్‌షర్స్టు బృందమే 1989లో తెలిపినది.

గుండెవలన వచ్చు ఆపద యింతటితో తీరదు. గుండెకు రక్తమిచ్చు ధమనులు పూడుకొనుచుండినను, తీరికగా నుండువారికి నొప్పి రాకపోవచ్చును. బరువు మోయుచు ప్రవాహమున కెదురీదునప్పుడు వచ్చును. 1992 మొదలు 2003 వరకు వేడుకకై మునిగి మరణించిన 947 మంది వృత్తాంతములను పరిశోధకులు 2008లో పరిశీలించి ప్రకటించిరి. మూలకారణము తెలిసినవారిలో సుమారు నాలుగవవంతు మందిని పడద్రోసినది గుండెయే. వారిలో నలుబదేండ్లు దాటినవారును, మునుపే గుండెజబ్బు గలవారును ఎక్కువ. చిన్నవారికిని ఒక చిక్కు కలదు. పుట్టుకతో గుండె విద్యుత్తు లయ తప్పెడి స్వభావము కొన్ని కుటుంబములలో నుండును. అందొక రకమున ఈతయే దానిని రెచ్చగొట్టును. ఈదుచు స్పృహ తప్పిన పిల్లవాడున్నను, వయసులో హఠాత్తుగా మరణించినవారు వంశములో నున్నను, గుండె విద్యుత్ పరీక్ష చేయింపక నీట దింపరాదు. మూర్ఛ, చక్కెర పడిపోవుట, ఇవి ఇంటిలో వచ్చినచో ప్రక్కవారు పట్టుకొని పడుకోబెట్టుదురు. నీటి యడుగున వచ్చినచో నోటి గొట్టము జారిపోవును. గర్భిణులును, గర్భము కోరుచున్నవారును మునుగరాదని ఆ కాగితముమీదనే స్త్రీలకు ప్రత్యేకముగా వ్రాసియున్నది.

ఇదంతయు విని ఇంటికి వచ్చిన రాత్రి మాకు మా తల్లి జ్ఞాపకము వచ్చినది. ఆమెకును ఇట్లే తల వెనుక నొప్పి వచ్చెడిది. కొంగు తలకు బిగించి కట్టుకొని పొయ్యి దగ్గర కూర్చుండెడిది. ఏమమ్మా యనినచో "ఏమీ లేదే, పొగ" అనెడిది. ఏబదియారవ యేట నొకనాడుదయము, తులసికోట దగ్గర చెంబుతో నీరు పోయుచు కూలినది, మూడవనాటికి పోయినది. మెదడులో నరము చిట్లినదని ఆసుపత్రిలో చెప్పిరి. ఆమె చేతికి ఆ పట్టీ చుట్టి చూచినది ఆ ఆసుపత్రిలోనే మొదటిసారి. ఆమె యెన్నడును సముద్రము చూచి యెరుగదు. చెంబెడు నీటి దగ్గరనే ఆమెకు ఆ యాపద వచ్చినది. పొగ యని ఆమె పలికినట్లే ఎండ యని మేము పలికితిమి. మా అమ్మాయి ఆనాడు తొంగిచూడకున్నచో, రేపు అది ఏ పేరు చెప్పెడిదో!

తెల్లవారి అమ్మాయికి ఫోను చేసి, "నీవు చెప్పినది మంచిదే" అంటిమి. అది కొంతసేపు పలుకలేదు. తరువాత, "మాత్ర వేసుకున్నావా?" అనెను.

ఇప్పుడు మేము దినమును మాత్ర వేసికొనుచున్నాము. ఆవకాయ, అప్పడము, వడియములు పండుగనాటి వస్తువులైనవి. తలనొప్పి మాత్ర మానితిమి. మానిన తరువాత తలనొప్పియు తగ్గుట వింత. ఆ మూడవ ప్రశ్నను పరీక్షింపవలెనని పార్కులో 1.6 కిలోమీటరులు కొలుచుకొని నడచితిమి. మొదటినాడు ఇరువదిరెండు నిమిషములు, నేడు పదునైదు. పోటు 130/80 దగ్గర నిలిచినది. మా యల్లుడు ఊపిరి పరీక్ష చేయించుకొని క్రమముగా మందు వాడుచున్నాడు. మరల దీవులకు పోవుదమని పిల్లలనుచున్నారు. వైద్యురాలు సరేయన్నచో మునుగుదుము. కాదన్నచో ఇసుకలో కూర్చుండి బుడగలు లెక్కపెట్టుదుము. రెండును మాకిప్పుడు సమ్మతమే.

చదువరులలో పలువురు ఎన్నడును సముద్రములో మునుగబోరు. అయినను ఆ పది ప్రశ్నలను ఒకమారు తమ్ముతాము అడుగుకొనవలెనని మా ప్రార్థన. 2023లో వెలువడిన జాతీయ పరిశోధన ప్రకారము మన దేశమున పెద్దవారిలో నూటికి ముప్పదియైదుగురికి రక్తపుపోటు కలదు. అనగా మన వీధిలోని పెద్దవారిలో సుమారు ముగ్గురికొక మనిషి. ఆ మనిషి ఎవరో తెలిసికొనుటకు అయిదు నిమిషములు, ఒక పట్టీ చాలును. మన చేతికి చుట్టించుకొన్న తరువాత అత్తగారి చేతికిని, వంటింట మనకు తోడ్పడు మనిషి చేతికిని చుట్టింతుము. ఆమె తప్పక "నాకేమియు లేదమ్మా" అనును. అన్నప్పుడే విడువక చూడవలెను.

ఆ కాగితపు నకలు మా వంటింట క్యాలెండరు ప్రక్కన వ్రేలాడుచున్నది. రెండవ ప్రశ్న యెదుట "కలదు" అని పెద్ద యక్షరములతో వ్రాసియున్నది. వ్రాసినది మేమే.